పెట్రోలు తప్పా... తీగ తప్పా?

పాత అంబాసిడర్ దారిలో మొరాయిస్తే అందరి చూపూ ట్యాంకు మీదికే పోతుంది. అసలు దొంగ చాలాసార్లు మడ్‌గార్డు చాటున దాక్కుని ఉంటాడు!

రథసప్తమి ముందురోజు రాత్రి. అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి విజయనగరం నుంచి ఓ కుటుంబం పాత అంబాసిడర్‌లో బయల్దేరిందనుకోండి. వెనక సీట్లో తాతగారు, మామ్మగారు, వాళ్ల ఒళ్లో పిల్లలు. డిక్కీలో గ్యాసు ట్యాంకు, దాని పక్కన పులిహోర డబ్బా. బండి పెట్రోలు మీద స్టార్టయింది. ఇంజిను వేడెక్కాక స్విచ్చి గ్యాసుకి తిప్పారు. రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. మళ్లీ పెట్రోలుకి తిప్పితే కదిలింది. రణస్థలం దాటాక ఇంకోసారి గ్యాసు... మళ్లీ అదే వరస. విచిత్రమేమిటంటే, ఆ రోజు పొద్దున బజారుకెళ్లినప్పుడు అదే బండి, అదే గ్యాసుతో బుద్ధిగా నడిచింది!

ఇక కారులో పంచాయితీ మొదలు. ‘గ్యాసు అయిపోయిందేమో నాన్నా’ అంటుంది కూతురు. ‘నిన్ననేగా పట్టించాను’ అంటాడు తండ్రి. ‘కార్బొరేటరు కడిగించమని సంక్రాంతి నుంచీ చెబుతున్నాను, వింటేగా’ అని తాతగారు. తెల్లారాక షెడ్డుకి తీసుకెళితే తాతగారి మాటే నెగ్గుతుంది. కార్బొరేటరు విప్పుతారు. గ్యాసు రిడ్యూసరు కిట్టు మారుస్తారు. వేలల్లో బిల్లు అవుతుంది. పగలంతా బండి బాగానే తిరుగుతుంది. రాత్రయ్యేసరికి జబ్బు మళ్లీ హాజరు!

ఎందుకంటే ఆ జబ్బు ఇంధనంలో లేదు. ముందు మడ్‌గార్డు లోపల, తుప్పు పట్టిన ఒక మర దగ్గర ఉంది. పగలు లేకుండా రాత్రి మాత్రమే ఉన్న తేడా ఏమిటి? హెడ్‌లైట్లు. ఆ లైట్లకీ గ్యాసుకీ చుట్టరికం ఏమిటో తెలియాలంటే ముందు ఈ రెండు ఇంధనాల ఏర్పాటు తెలియాలి.

ఒక ఇంజిను, రెండు ఇంధనాలు

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకి రేషను పెట్టారు. అప్పుడు మద్రాసు రాష్ట్రంలో తిరిగిన బొగ్గు బస్సుల గురించి పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. వెనకాల ఓ పెద్ద డ్రమ్ము, అందులో బొగ్గులు. గాలి చాలకుండా కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడు వాయువు వస్తుంది, దాంతోనే ఇంజిను నడిచేది. ఎత్తు వస్తే ప్రయాణికులు దిగి తోయాల్సిందే. పొలాల్లో వాడిన చిన్న పంపుసెట్లూ ఆ కోవలోవే. కిరోసిను చల్లటి ఇంజినులో సరిగా ఆవిరి కాదు. అందుకే పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కాక్ తిప్పి కిరోసినుకి మార్చేవారు. మన ఇళ్లలోని పాత స్కూటరు రిజర్వు కాక్ వీటికి చిన్న తమ్ముడు. అక్కడ రెండు ఇంధనాలుండవు, ఒకే ట్యాంకులో రెండు ఎత్తుల్లో రెండు దారులుంటాయి, అంతే.

కార్లలో ఈ పనిని చేత్తో తిప్పే కాక్ నుంచి కరెంటు స్విచ్చికి అప్పజెప్పారు. 1968లో వచ్చిన బ్రిటిష్ జాగ్వార్ ఎక్స్‌జే6కి వెనక చెరో పక్కా ఒక పెట్రోలు ట్యాంకు. డ్యాష్‌బోర్డు మీద ఒక్క మీట నొక్కితే ఈ ట్యాంకు నుంచి ఆ ట్యాంకుకి మారిపోయేది. ఎంత దర్జా! కానీ వెనకాల ఓ తీగ వదులైతే ఒక ట్యాంకు నిండా పెట్రోలున్నా బండి ఆగిపోయేది. కరెంటుకి అప్పజెప్పిన ప్రతి పనికీ ఈ తిప్పలు తప్పవు.

మన జిల్లాల్లో జాగ్వార్లు ఎక్కడ దొరుకుతాయి? మనకున్నది అంబాసిడర్. కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 మే దాకా తయారుచేసింది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 దీనికి మూలం. పెట్రోలు అంబాసిడర్ మైలేజీ సంగతి తెలిసిందే. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 2001లో ప్రత్యేకంగా ఉత్తర్వులిచ్చి, కార్లలో ఎల్‌పీజీ వాడకాన్ని కేంద్రం అనుమతించింది. అప్పుడు చాలామంది పెట్రోలుంచుకుంటూనే గ్యాసు కిట్టు పెట్టించుకున్నారు. డీజిలు అంబాసిడర్ల వాళ్లకి ఈ గొడవ లేదు, వాళ్ల గొడవలు వాళ్లకున్నాయి.

మధ్యలో ఉన్న సున్నా

కార్బొరేటరు ఉన్న బండిలో గ్యాసు స్విచ్చికి మామూలుగా మూడు స్థానాలు. ఓ చివర పెట్రోలు, రెండో చివర గ్యాసు, మధ్యలో సున్నా. స్విచ్చి స్వయంగా ఇంధనాన్ని ఆపదు. బానెట్టు కింద రెండు సోలినాయిడ్ వాల్వులుంటాయి, వాటికి కరెంటు పంపుతుంది. వాల్వు లోపల ఓ తీగచుట్ట ఉంటుంది. కరెంటు వస్తే అది అయస్కాంతమై లోపలి ఇనప కడ్డీని లాగుతుంది, దారి తెరుచుకుంటుంది. కరెంటు పోతే స్ప్రింగు మూసేస్తుంది. పెట్రోలు వాల్వు పంపుకీ కార్బొరేటరుకీ మధ్య ఉంటుంది. గ్యాసు వాల్వు రిడ్యూసరుకి ముందుంటుంది.

మరి మధ్యలో సున్నా ఎందుకు? చాలామంది దాన్ని దాటేసి పెట్రోలు నుంచి నేరుగా గ్యాసుకి తిప్పేస్తారు. కార్బొరేటరు గిన్నెలో ఇంకా పెట్రోలు ఉంటుంది. పైనుంచి గ్యాసూ వచ్చి పడుతుంది. రెండూ కలిసి ఇంజినుకి అజీర్తి! కుదిపి ఆగిపోతుంది. సున్నాలో పెట్టి, గిన్నెలో పెట్రోలు అయిపోయి ఇంజిను తడబడే క్షణందాకా ఆగి, అప్పుడు గ్యాసుకి తిప్పాలి. ఇది ఖాళీ రోడ్డు మీద చేయాల్సిన పని. ఏడు రోడ్ల కూడలి మధ్యలో కాదు. గ్యాసు నుంచి పెట్రోలుకి వచ్చేటప్పుడు ఈ బాధ లేదు, నేరుగా మార్చుకోవచ్చు.

ఇంకో సంగతి. ద్రవరూపంలోని గ్యాసు ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాగేసుకుంటుంది. అందుకే రిడ్యూసరుకి ఇంజిను వేడినీళ్ల గొట్టం కలుపుతారు. ఇంజిను చల్లగా ఉండగానే గ్యాసుకి మారిస్తే రిడ్యూసరు మీద మంచు పేరుకుంటుంది. మే నెల ఎండలో కారులో మంచు చూసి మురిసిపోవద్దు, బండి ఆగబోతోందని అర్థం. రేడియేటరులో నీళ్లు తగ్గినా ఇదే జరుగుతుంది.

ఇక స్టార్టయిన రెండు మూడు క్షణాలకే గ్యాసు ఆగిపోతోందా? చాలా కిట్లలో స్విచ్చికి ఇగ్నిషన్ కాయిలు నుంచి ఒక సన్నటి తీగ వస్తుంది. ఇంజిను తిరుగుతోందో లేదో ఆ తీగ ద్వారానే స్విచ్చికి తెలుస్తుంది. తిరగడం లేదనిపిస్తే గ్యాసు మూసేస్తుంది. ప్రమాదంలో ఇంజిను ఆగిపోతే గ్యాసు కారకుండా ఉండాలని ఈ ఏర్పాటు. ఆ తీగ ఊడితే ఇంజిను తిరుగుతున్నా ‘ఆగిపోయింది’ అనుకుని తలుపు మూసేస్తుంది. ఇక్కడ గ్యాసు తప్పేమీ లేదు పాపం!

సిగరెట్టు కాగితం ఫ్యూజు

ఇప్పుడు తీగల దగ్గరికి వద్దాం. ఆ కాలపు బ్రిటిష్ పద్ధతి కార్లలో ఫ్యూజులు రెండంటే రెండే. ఒకటి హారనులాంటి ఎప్పుడూ కరెంటు ఉండేవాటికి, రెండోది తాళం తిప్పాక పనిచేసేవాటికి. హెడ్‌లైట్లకీ ఇగ్నిషన్‌కీ ఫ్యూజే ఉండేది కాదు. ఉన్న రెండూ కాలిపోతే సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టి పెట్టే మహానుభావులు ఇప్పటికీ ఉన్నారు. దాంతో హారను మోగుతుంది, నిజమే. కానీ ఫ్యూజు కాలాల్సిన చోట తీగ కాలుతుంది. ఆ తీగ పెట్రోలు గొట్టం పక్క నుంచే పోతుంది!

లూకాస్ పద్ధతిలో తీగల రంగులకి అర్థాలున్నాయి. గోధుమరంగు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. తెలుపు తాళం తిప్పాక ప్రాణం పోసుకునేది. ఆకుపచ్చ అదే కరెంటు ఫ్యూజు దాటాక వచ్చేది. ఊదా ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజుది. నీలం హెడ్‌లైట్లది, ఎరుపు చిన్న లైట్లది, నలుపు ఎర్తుది. ఫ్యాక్టరీ వైరింగు మిగిలిన బండిలో ఇది చదువుకున్న పుస్తకంలా ఉంటుంది. నలుగురు చేయి చేసుకున్న బండిలో మాత్రం ఏ రంగు ఎక్కడికి పోతుందో బ్రహ్మకైనా తెలియదు. తెలుపు తీగని నమ్మి కోసేముందు పరీక్ష చేసుకోవాల్సిందే.

పాత బండ్లలో ఆల్టర్నేటరు ఉండదు, డైనమో ఉంటుంది. దాని శక్తి సుమారు 20 ఆంపియర్లు, అదీ బండి వేగంగా పోతున్నప్పుడే. హెడ్‌లైట్లు, వైపరు, ఇగ్నిషన్ కలిసి అందులో ఎక్కువభాగం తినేస్తాయి. దానికి తోడు గ్యాసు వాల్వు, ఫ్యాను, పాటల డబ్బా. రైల్వేగేటు దగ్గర ఇంజిను నెమ్మదిగా తిరుగుతుంటే డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. బ్యాటరీయే అన్నిటినీ మోయాలి.

మరో చిక్కు. 1950లు, 60ల బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ వైపును బాడీకి కలిపేవారు. ఇప్పటి స్విచ్చిలన్నీ నెగటివ్ బాడీకి కలిసే బండ్ల కోసం చేసినవి. చూసుకోకుండా బిగిస్తే కొత్త స్విచ్చి ఒక్క క్షణంలో మాడిపోతుంది. ముందు బ్యాటరీ నుంచి బాడీకి పోయే లావుపాటి పట్టీ ఏ గుర్తు వైపుందో చూడండి. అర నిమిషం పని!

ఉప్పుగాలి చేసే పని

బరువా నుంచి కళింగపట్నం మీదుగా చింతపల్లి దాకా మన తీరమంతా ఉప్పుగాలి. ఇనుముని తినేస్తుంది, రాగిని పచ్చగా మార్చేస్తుంది. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ... వానల్లో తడిసిన బండికి సీట్లు ఆరతాయి గానీ కనెక్టర్ల లోపల చేరిన తేమ ఆరదు. నెలల తర్వాత మెల్లగా బయటపడుతుంది. ఇది చాలదన్నట్టు గడ్డివాము పక్కన నిలిపిన బండిలో ఎలుకలు కాపురం పెట్టి తీగల పై పొర కొరికేస్తాయి.

కారులో కరెంటు బ్యాటరీ నుంచి తీగలో వెళుతుంది, ఇనప బాడీ గుండా తిరిగొస్తుంది. ఆ తిరుగుదారే ఎర్తు. అందరూ వెళ్లే తీగనే చూస్తారు. తిరుగుదారిని ఎవరూ పట్టించుకోరు. పాత బండిలో జబ్బులు నూటికి ఎన్నో లెక్కగట్టలేం గానీ, వెతకడం ఎర్తుతో మొదలుపెట్టినవాడికి డబ్బు మిగులుతుందన్నది మాత్రం నమ్మకంగా చెప్పొచ్చు.

ఇప్పుడు అరసవల్లి ప్రయాణం చిక్కు విప్పుదాం. కిట్టు బిగించినవాళ్లు గ్యాసు వాల్వు ఎర్తుని మడ్‌గార్డు మీద హెడ్‌లైట్ల ఎర్తు ఉన్న మరకే బిగించారనుకోండి. ఆ మర తుప్పు పట్టి అర ఓమ్ నిరోధం వచ్చింది. అర ఓమ్ అంటే చాలా తక్కువ. పగలు వాల్వు ఒక్కటే కరెంటు తీసుకుంటుంది, సుమారు 1 ఆంపియరు. తుప్పు దగ్గర పోయేది అర వోల్టు పైచిలుకు. వాల్వుకి 12లో 11 వోల్టులకి పైనే అందుతుంది, పని జరిగిపోతుంది. రాత్రి 45 వాట్ల హెడ్‌లైట్లు రెండు వేశారు. వాటి ఆరేడు ఆంపియర్లూ అదే తుప్పు గుండా తిరిగిరావాలి. అక్కడే 3 వోల్టులు హరీమంటాయి. వాల్వుకి మిగిలేది 9 వోల్టుల లోపు. గ్యాసు ఒత్తిడికి ఎదురు నిలిచి కడ్డీని లాగడానికి ఆ బలం చాలకపోవచ్చు. లైట్లు కాస్త మసకగా ఉన్నాయని తాతగారు అని ఉంటారు కూడా. ఆయన మాటల్లో అదొక్కటీ వినాల్సింది!

దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలక్కర్లేదు. మల్టీమీటరు ఉంటే హెడ్‌లైట్లు వేసి, ఒక కాలు బ్యాటరీ ఎర్తు కొన మీద, రెండోది వాల్వు ఎర్తు దగ్గర పెట్టండి. దాదాపు సున్నా చూపాలి. అర వోల్టు దాటితే దారి బాగాలేదన్నట్టే. మీటరు లేకపోతే ఓ మీటరు తీగ చాలు. ఇంజిను ఆపి, బానెట్టు తీసి, గ్యాసు వాసన లేదని నిర్ధారించుకున్నాక వాల్వు ఎర్తుని ఆ తీగతో బ్యాటరీ ఎర్తు కొనకి కలపండి. ఆ తర్వాతే తాళం తిప్పండి. బండి రాత్రిపూట కూడా గ్యాసుకి మారిందా? దొంగ దొరికినట్టే. మర విప్పి, ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త లగ్గు వేసి బిగించి, పైన గ్రీజు రాయించండి. వాల్వుకి వేరే ఎర్తు తీగ లాగిస్తే ఇంకా మంచిది.

కరెంటు వస్తోందో లేదో చూడ్డానికి ఎలక్ట్రీషియన్లు వాడే టెస్ట్ ల్యాంపు ఇంకా సులువు. బల్బుకి రెండు తీగలు, ఒకదానికి క్లిప్పు. ఒక చిన్న జాగ్రత్త ఉంది. సాలూరు (2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా) లారీలకి పేరుపడ్డ ఊరు. అలాంటిచోట లారీ ఎలక్ట్రీషియన్ చేతిలో ఉండేది 24 వోల్టుల బల్బు కావచ్చు. 12 వోల్టుల కారులో అది మసకగానే వెలుగుతుంది. ‘కరెంటు సరిగా రావట్లేదు’ అనుకుని బాగున్న తీగలు మార్చే ప్రమాదం ఉంది. బల్బు ఎన్ని వోల్టులదో ముందే అడగండి.

పెట్రోలు ముల్లు కూడా ఎర్తు మీదే బతుకుతుంది. ట్యాంకు ఎర్తు చెడితే ఆ ముల్లు పచ్చి అబద్ధాలాడుతుంది. ఇంధనం తప్పయ్యే సందర్భాలూ లేకపోలేదు. ఎండాకాలం మధ్యాహ్నం బండి ఆగి, పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే కదిలిందంటే అది వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై దారి మూసుకుపోవడం. డిప్‌స్టిక్కు తీస్తే ఆయిల్లో పెట్రోలు వాసన వస్తే పంపులో పొర చిరిగి ఉండొచ్చు. అప్పుడు బండి నడపకూడదు.

ఇది మాత్రం చేయొద్దు

గ్యాసు వాల్వు తెరుచుకోవట్లేదని బ్యాటరీ నుంచి దానికి నేరుగా తీగ లాగి ‘డైరెక్టు’ చేయించే అలవాటొకటి ఉంది. అలా చేస్తే ప్రమాదంలో ఇంజిను ఆగినా గ్యాసు ఆగదు. ఇంట్లో అందరూ ఎక్కే బండిలో ఆ సాహసం వద్దు. పెట్రోలు వాల్వుకి మాత్రం కొన్ని కిట్లలో చేత్తో తిప్పే మర ఉంటుంది. కరెంటు పోయినా దాంతో పెట్రోలు దారి తెరిచి ఇల్లు చేరొచ్చు. మళ్లీ మూసేయడం మరిచిపోతే గ్యాసుతోపాటు పెట్రోలూ పోతుంటుంది.

ఎల్‌పీజీ గాలికన్నా బరువు. కారితే పైకి పోదు, నేలబారున పాకి షెడ్డులోని గోతిలో చేరుతుంది. వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకుండా అందరినీ దించి, తలుపులూ డిక్కీ తెరిచి దూరంగా జరగాలి. కారే చోటు వెతకడానికి సబ్బునురుగు వాడాలి, అగ్గిపుల్ల కాదు. ట్యాంకులో 80 శాతానికి మించి నింపకూడదు. వేడికి వ్యాకోచించే ద్రవానికి చోటు కావాలి. వంటింటి సిలిండరుని కారులో పెట్టడం నేరం. కిట్టు పెట్టించిన సంగతి ఆర్‌సీలో రాయించడం, ట్యాంకు పరీక్ష గడువు చూసుకోవడం తప్పనిసరి.

యాభయ్యేళ్లు దాటిన బండికి 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజి రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. రుసుము 20 వేల రూపాయలు, పదేళ్ల గడువు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు. ఇంజిను, చాసిస్, బాడీ అసలువే ఉండాలి. అలాంటి బండి ర్యాలీలకీ ప్రదర్శనలకీ పనికొస్తుంది గానీ రోజూ తిప్పడానికి ఒప్పుకోరు. గుడికీ పెళ్లికీ తిరిగే ఇంటి బండికి ఇది నప్పదు.

ట్యాంకులో నిలవున్న పెట్రోలు

ఇప్పుడు ఇంకో కొత్త చిక్కు వచ్చిపడింది. బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఎథనాలు కలుస్తోంది. ఎథనాలు గాలిలోని తేమని పీల్చుకుంటుంది. పాతకాలపు రబ్బరుని మెత్తబరుస్తుంది. తేమ మోతాదు మించితే నీళ్లూ ఎథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి. పంపు ముందు తాగేది ఆ అడుగునున్నదే.

రోజూ పెట్రోలుతో నడిచే బండిలో ట్యాంకు త్వరగా ఖాళీ అవుతుంది కాబట్టి ఈ బాధ తక్కువ. గ్యాసుతో తిరిగే బండిలో మాత్రం పెట్రోలు నెలల తరబడి అలాగే ఉంటుంది. మన తీరప్రాంతపు గాలి సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా వాడని పంపు పొర ఎండిపోతుంది, కార్బొరేటరు సూది అతుక్కుపోతుంది. అందుకే ట్యాంకు నింపి ఉంచొద్దు. కొద్దిగా పోయించుకుని, వారానికోసారైనా పది కిలోమీటర్లు పెట్రోలు మీదే నడిపి, నెలలో అది అయిపోయేలా చూసుకోండి. పంపు పొర, పెట్రోలు గొట్టాలు కొనేటప్పుడు ఎథనాలుకి తట్టుకునే రకమే అడగండి. పాత గొట్టాన్ని రెండు వేళ్లతో వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, జిగటగా తగిలినా ఆ రోజు బండి బయటికి తీయొద్దు.